జతపరచిన కాగితం

కిందటి వారం నవనీతను మనం యూనివర్సిటీలో స్టాఫ్ అసోసియేషన్ గది మెట్ల మీద వదిలిపెట్టాం. చంకలో ఒక జవాబు పుస్తకం, మనసులో ఒక సీటు నంబరు. తొమ్మిదేళ్ళ కూతురు అక్షరకు కండరాలు రోజురోజుకూ సన్నగిల్లే జబ్బు. పుట్టాక ఆ పిల్ల ఒక్కసారైనా తన కాళ్ళ మీద తాను నిలబడలేదు. వచ్చే ఆదివారం అసోసియేషన్ బస్సు ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఉన్న ఆనందద్వీపం పార్కుకు వెళుతోంది. అందులో అక్షర పేరు రాయించి, డ్రైవరు వెనక నాలుగో నంబరు సీటు ఖాయం చేసుకుని రావాలి. చూడబోతే ఐదు నిమిషాల పని.

ఇదివరకు కార్తీకం వచ్చిందంటే అసోసియేషన్ వాళ్ళు క్యాంపస్‌లోనే చెట్ల కింద వనభోజనాలు పెట్టేవారు. పులిహోర, వంకాయ కూర, తంబోలా, చివర్లో ఎవరూ వినని ఉపన్యాసం. ఈసారి కుర్రవాళ్ళు ఓటింగు పెట్టించి పార్కును నెగ్గించారు. చేతులెత్తినవాళ్ళలో ఒక్కరికీ చక్రాల కుర్చీ గుర్తురాలేదు. నేనైతే గుర్తుపెట్టుకునేదాన్నని గొప్పలు చెప్పను. చిత్రమేమిటంటే ఆ కబురు విని అందరికంటే ఎక్కువ సంబరపడింది అక్షరే.

చంకలోని జవాబు పుస్తకం సంగతి కూడా చెప్పాలి. నవనీత భర్త నరేందర్ పరీక్షల విభాగంలో జూనియర్ అసిస్టెంట్. అచ్చులో పొరపాటు పడినప్పుడల్లా అక్కడ కట్టలకొద్దీ జవాబు పుస్తకాలు రద్దవుతాయి. అవి పాత కాగితాల వాళ్ళకు పోయేలోపు తలా నాలుగు ఇంటికి తెచ్చుకుంటారు. ఆ విభాగం వాళ్ళ ఇళ్ళల్లో సరుకుల చీటీ నుంచి పెళ్ళి పిలుపుల జాబితా దాకా అన్నీ ఆ ముప్ఫై రెండు పేజీల మీదే ఉంటాయి. అక్షర తన పుస్తకం అట్ట మీద హాల్‌టికెట్ గడిలో పుట్టినరోజు వేసుకుంది. సబ్జెక్టు అన్న చోట ‘ఆనందద్వీపం’ అని రాసింది.

రెండు నెలలుగా తల్లీకూతుళ్ళు కలిసి రాసిన పథకం అది. నాలుగో నంబరు సీటు ఎందుకంటే అక్కడ కాళ్ళు చాపడానికి చోటుంటుంది. కుర్చీ మడిచి డిక్కీలో పెట్టాలి. వెన్నుకు రెండు దిండ్లు. పొద్దున నీళ్ళు తక్కువ తాగాలి, ఎందుకంటే పార్కులో వెడల్పు తలుపున్న టాయిలెట్ ఒక్కటే ఉందట, అదీ గేటు దగ్గర. ఆ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నవనీత నాలుగుసార్లు ఫోను చేసింది. భోజనమయ్యాక ఇరవై నిమిషాలు చాప మీద పడుకోబెట్టాలి. తర్వాత ఒక్కటే ఒక్క రైడ్, పెద్ద చక్రం.

ఎందుకు చక్రమే అంటే, అక్షర లోకమంతా మన నడుము ఎత్తులో ఉంటుంది. బెల్టులు, బ్యాగులు, చీర కుచ్చిళ్ళు, మెట్రో స్టేషన్లో ఎవరివో మోకాళ్ళు. చక్రం పైకి వెళ్ళి ఆగినప్పుడు అందరి నడినెత్తులు చూడాలని ఆ పిల్ల కోరిక. ఎవరెవరివి చూడాలో వరసగా రాసుకుంది కూడా. మొదటి పేరు డాడీది, పక్కన బ్రాకెట్లో ‘బట్టతల స్టార్ట్’ అని ఉంది.

మనుషులు ఎక్కడానికి చక్రం గది పదకొండు సెకన్లు ఆగుతుందని వీడియోలు చూసి పిల్లే కనిపెట్టింది. అప్పటినుంచి ఇంట్లో కసరత్తు మొదలైంది. నరేందర్ భుజాల కింద, నవనీత మోకాళ్ళ కింద పట్టుకుని కుర్చీలోంచి బల్ల మీదికి ఎత్తి కూర్చోబెట్టడం, అక్షర అంకెలు లెక్కపెట్టడం. ఇరవై మూడుతో మొదలై నిన్న సాయంత్రానికి తొమ్మిదికి వచ్చింది. ఆ తొమ్మిది తలుచుకుంటూనే నవనీత గది లోపలికి అడుగు పెట్టింది.

అధ్యక్షుడు సోమయాజులు గారు ఒక్కరే ఉన్నారు. సూపరింటెండెంట్, మార్చిలో రిటైరవుతున్నారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ముప్ఫై నాలుగేళ్ళయినా మాటలో ఆ మర్యాద పోలేదు. ఆమెను చూసి లేచి నిలబడ్డారు. తన కుర్చీ మీదున్న తువ్వాలుతోనే ఎదుటి కుర్చీ తుడిచారు. నవనీతకు అప్పుడే భయం వేసింది. సీటు నంబరు రాసుకోవడానికి ఎవరూ కుర్చీ తుడవరు.

తానే కబురు పెడదామనుకుంటున్నానని అన్నారాయన. తర్వాత ఒక ఫైలు తీసి బల్ల మీద పెట్టి దాని మీద చెయ్యి వేసి ఉంచారు.

“మీ ఆయన డ్రాఫ్టు చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నానమ్మా. డ్రాఫ్టింగు నేర్పింది నేనే అనుకోండి. ముందు చేత్తో రాసుకో, కొట్టేసి మళ్ళీ రాయి, ఆ తర్వాతే టైపు చెయ్యి అని వెంటపడి నేర్పాను. కానీ ఇలాంటి ఉత్తరం నా సర్వీసులో చూడలేదు.”

ఏ ఉత్తరమని నవనీత అడగలేదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక చెయ్యి చాచింది. ఆయన ఫైలు తిప్పి ఇచ్చారు.

ఇంగ్లీషు ఉత్తరం. నవనీత జనగామలో డిగ్రీ రెండో ఏడు దాకా చదివింది కానీ ఇంగ్లీషు దగ్గర ఇప్పటికీ వేలు పెట్టి చదవాల్సిందే. ఇంటికి వచ్చే స్కూలు సర్క్యులర్లయినా, మందుల డబ్బాల మీది అక్షరాలయినా చదివి పెట్టేది కూతురే. ఇప్పుడు పక్కన కూతురు లేదు. వేలు పెట్టి ఒక్కో మాటే చదువుకుంటూ పోయింది.

ఆనందద్వీపం మేనేజరుకు నరేందర్ రాసిన వినతి అది. విషయం, సందర్భం, అన్నీ ఆఫీసు పద్ధతిలో ఉన్నాయి. తన కుమార్తెకు తొంభై శాతం వైకల్యమనీ, తల్లిదండ్రులిద్దరూ పక్కన కూర్చుంటారనీ, ఒక్క రైడ్‌కు అనుమతి ఇప్పించమనీ కోరాడు. మూడో పేరా దగ్గర నవనీత వేలు ఆగింది. డాక్టర్ల అభిప్రాయం ప్రకారం వచ్చే ఏడాదికి పాప ఇలాంటి ప్రయాణం చేసే స్థితిలో ఉండదు, కాబట్టి దీనిని ఆమెకు చివరి అవకాశంగా భావించి దయ చూపగలరు. కింద జతపరచినవి: సదరం వైకల్య సర్టిఫికెట్టు, డాక్టరు రిపోర్టు. ఇంకా కింద నకలు: స్టాఫ్ అసోసియేషన్ అధ్యక్షులకు, తెలియజేయడం కోసం.

మూడో పేరా మళ్ళీ చదివింది. తనకు ఇంగ్లీషు రాక తప్పుగా అర్థం చేసుకుందేమోనని ఆశపడింది. మూడోసారి చదివినా అదే ఉంది. ఒక తల్లికి తన బిడ్డ సంగతి ఒక పార్కు మేనేజరు తర్వాత, ఒక అధ్యక్షుడి తర్వాత, నకలు కాగితం మీద తెలియడమంటే ఎలా ఉంటుందో నేను రాయలేను. నవనీత బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

సోమయాజులు గారు జవాబు గురించి చెబుతున్నారు. ఆ ఉత్తరానికి పార్కువాళ్ళు సోమవారమే జవాబిచ్చారు. లోపలికి రావడానికి అభ్యంతరం లేదట. జతపరచిన రిపోర్టు చూశాక మాత్రం ఏ రైడూ ఎక్కనివ్వలేమట, పిల్ల ఎక్కకుండా చూసే బాధ్యత బస్సు పెట్టినవాళ్ళదేనట. నరేందర్ నకలు పంపాడు కదా, వాళ్ళూ మర్యాదగా అధ్యక్షుడికి నకలు పంపారు. నిన్న కమిటీ కూర్చుంది.

“పేరు తీసెయ్యలేదమ్మా. ప్రస్తుతానికి పక్కన పెట్టాం, అంతే. రాతపూర్వకంగా వద్దన్నాక మేం తీసుకెళ్ళి, దారిలో పిల్లకి ఏదన్నా అయితే ఎవరు చెప్పుకోవాలి, చెప్పండి. ఈ ముక్క నోటితో అడిగుంటే సరిపోయేది. గేటు దగ్గర కుర్రాణ్ణి బతిమాలితే ఎక్కించేవాడేమో. కాగితం పెట్టాక ఎవడికి ధైర్యం ఉంటుంది?”

పక్కన పెట్టడానికీ తీసెయ్యడానికీ ఆఫీసుల్లో ఎంత తేడా ఉందో నరేందర్ భార్యకు తెలియనిది కాదు. అయినా ఆమె సీటు గురించి ఒక్క మాట అడగలేదు.

“సార్, గా రిపోర్టు మీ దగ్గర ఉన్నదా?”

ఆయన లేదన్నారు. నకలుకు జతలు పెట్టే పద్ధతి లేదమ్మా, అవి అసలు ఉత్తరంతోనే పోతాయి అని వివరంగా చెప్పారు. చెబుతూ చెబుతూ ఆమె ముఖం చూసి ఆగిపోయారు. ఈమెకు తెలియదన్న సంగతి ఆయనకు అప్పటికి తట్టింది. చెడ్డ మనిషి కాదు. నీళ్ళ గ్లాసు ముందుకు జరిపి, తల దించుకుని ఫైలు దారం కట్టసాగారు.

పరీక్షల విభాగం అక్కడికి నాలుగడుగులు. మార్కుల మెమోల కోసం వచ్చిన పిల్లలు కిటికీల ముందు వరస కట్టి ఉన్నారు. నవనీత ఆ వరసను తప్పించుకుని మూడో కిటికీ పక్కన నిలబడింది. లోపల నరేందర్ ఎవరికో ఏ ఫారం ఎక్కడ పెట్టాలో చెబుతున్నాడు, ఓపికగా, రెండోసారి. తల ఎత్తి భార్యను చూశాడు, ఆమె చంకలో పుస్తకాన్ని చూశాడు. పక్క సీటువాడికి ఏదో చెప్పి, బ్యాగు భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. ఆఫీసు వదిలే టైము కాదది. ఏం జరిగిందని కూడా అడగలేదు.

సైకిల్ స్టాండు వెనక, పెద్ద బండరాయి నీడలో నిలబడ్డారిద్దరూ.

“డాక్టరు ఎప్పుడు చెప్పిండు?” అంది నవనీత.

“జూలైల.”

“నేను కూడ వచ్చిన గదా.”

వచ్చింది. ఆ రోజు ఎక్స్‌రే గది బయట అక్షరకు జడ వేస్తూ కూర్చుంది. డాక్టరు నరేందర్‌ను మాత్రం లోపలికి పిలిచాడు. ఐదు నిమిషాల తర్వాత నరేందర్ బయటికి వచ్చి, కొత్తదేం లేదు, పాత మందులే అన్నాడు. దారిలో ఆటో ఆపించి పిల్లకు చెరుకురసం కూడా ఇప్పించాడు. నవనీతకు అదంతా ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తోంది. ఆ చెరుకురసం తలుచుకుంటే అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది.

నరేందర్ చెప్పుకొచ్చాడు. వెన్ను వంకర తిరుగుతోందట. అది ఊపిరితిత్తుల మీద పడుతోందట. సరిచెయ్యాలంటే ఆపరేషన్ చెయ్యాలి, ఆపరేషన్‌కు నిలబడేంత ఊపిరి పిల్లకు లేదట. వచ్చే ఏడాదికి గంటసేపు కూర్చోవడం కూడా కష్టమవుతుందట. ఇదంతా అతను బండరాయి వైపు చూస్తూ చెప్పాడు.

“ఇంకేం చెప్పిండు?”

“గంతే.”

“రిపోర్టు ఏది?”

“పార్కుకు పంపిన. ఒరిజినలే పంపిన, నా దగ్గర లేదు.”

జిరాక్స్ తీయకుండా కాగితం పంపే మనిషి కాదు అతను. పెళ్ళి శుభలేఖకు కూడా జిరాక్స్ తీసి పెట్టుకున్నవాడు. నవనీతకు ఆ సంగతి ఆ క్షణాన తట్టలేదు. ఆమె బుర్ర వేరే చోట ఉంది.

“సోమవారం జవాబు వచ్చింది,” అంది. “ఇయ్యాల గురువారం. మంగళారం సాయంత్రం పిల్లను ఎత్తినం, బుధారం ఎత్తినం. నిన్న తొమ్మిది వచ్చినప్పుడు నువ్వు చప్పట్లు కొట్టినవ్. ఎట్ల కొట్టినవయ్యా?”

నరేందర్ వేరే సంగతి ఎత్తుకున్నాడు. రెండేళ్ళ కిందట ఎగ్జిబిషన్‌లో బొమ్మ రైలు దగ్గర ఏం జరిగిందో గుర్తుందా అన్నాడు. ఎందుకు గుర్తుండదు! టికెట్ తీసుకుని వరసలో అరగంట నిలబడ్డాక, కుర్చీ చూసి రైలువాడు మైకులోనే వద్దన్నాడు. వెనకనున్న జనమంతా తొంగి చూశారు. అక్షర ఏడవలేదు. ఇంటికొచ్చాక, డాడీ, నా వల్ల మీ టికెట్లు వేస్ట్ అయినయ్ అంది.

“మల్ల గట్ల కావొద్దనే రాసిన,” అన్నాడు. “చేతిల పర్మిషన్ కాగితం ఉంటే గేటు కాడ ఎవ్వడు మాట్లాడడు అనుకున్న. పిల్ల ముంగట ఎవ్వడు వద్దనొద్దు. గది ఒక్కటే నాకు. కొంచెం జాలి పడతరేమోనని గా మూడో పేరా రాసిన. డాక్టరు రిపోర్టు పెట్టిన. గదే చూసి వద్దన్నరు.”

ఆఫీసు మనిషి ప్రేమ అలాగే ఉంటుంది. ఇంకో తండ్రయితే పిల్లను ఎత్తుకుని తోసుకుపోయేవాడు. ఇతను విషయం, సందర్భం వేసి రాశాడు. కాగితంతో అడిగితే కాగితమే బదులు చెబుతుందని, ఆ బదులు ఫైల్లో శాశ్వతంగా ఉండిపోతుందని పదకొండేళ్ళుగా రోజూ చూస్తున్నవాడికే తోచలేదు. నవనీతకు అతని మీద కోపం తగ్గలేదు, కానీ ఆ కోపాన్ని పట్టుకుని నిలబడే బలం తగ్గిపోయింది. రాయి పక్కనే కూలబడింది. ఏడ్చింది. నరేందర్ ఆమెకు అడ్డంగా, వరసలో ఉన్న పిల్లలకు కనబడకుండా నిలబడ్డాడు.

తార్నాక గేటు వైపు నడుస్తూ ఉన్న దారులన్నీ వెతికారు. బస్సు కాకుండా కారు మాట్లాడుకుని పోదామంది ఆమె. పోయినా చక్రం ఎక్కనివ్వరు కదా అన్నాడతను. పేరు మార్చి చెబుదామా అంటే, సదరం సర్టిఫికెట్టు మీద ఫోటో ఉంది. ఇంకో పార్కు చూద్దామా అంటే, ఊళ్ళో ఉన్న రెండిటికీ నిరుడే ఫోను చేశారు, నిలబడలేనివాళ్ళను వద్దన్నారు. చక్రం కింద కుర్చీ ఆపి పైకి చూపించి తీసుకొద్దామా అని చివరికి నవనీతే అంది. అని, వెంటనే తల అడ్డంగా ఊపింది. ఈ పిల్ల బతుకంతా చేస్తున్నది అదే, కింద నుంచి పైకి చూడటం.

మెట్రో పిల్లర్ల కింద ఆటోలు హబ్సిగూడ, ఉప్పల్ అని కేకలు పెడుతున్నాయి. ఆ రొదలో నరేందర్ మెల్లగా అన్నాడు, పార్కు రిపేరులో ఉంది, బస్సు రద్దయింది అని చెబుదామని. ఆదివారం పొద్దున యూనివర్సిటీ క్వార్టర్స్ పిల్లలు టోపీలు పెట్టుకుని బస్సెక్కుతారు, ఆ సందడి తమ వీధి దాకా వినబడదు. అబద్ధం నిలబడుతుంది. నవనీత ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. కళ్ళు తుడుచుకుని నడిచింది. ఆమె మనసులో అప్పటినుంచే ఒక ప్రశ్న మెదులుతోంది. రాయి దగ్గర అడగాల్సింది అదే. ఇంకేం చెప్పిండు అని అడిగింది కానీ, అసలు మాట నోటికి రానివ్వలేదు. చౌరస్తా దాటేలోపు మూడుసార్లు నోరు తెరిచి మూసుకుంది.

ఇల్లు సందులో కింది వాటా. గుమ్మానికి ఆనించి పాత తలుపు చెక్క ఒకటి ఏటవాలుగా వేసి ఉంటుంది, కుర్చీ ఎక్కడానికి. పక్కింటి సోమమ్మ అక్షర దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పట్టపగలు కలిసి రావడం చూసి ఆమె ఏమీ అడగకుండా చేట తీసుకుని వెళ్ళిపోయింది. పెద్దవాళ్ళకు కొన్ని చెప్పనక్కరలేదు.

అక్షర కుర్చీలో, కుడివైపుకు కొంచెం ఒరిగి కూర్చుంది. ఆ ఒరగడం ఎన్నాళ్ళుగానో ఉంది. నవనీత దాన్ని ఇవాళ కొత్తగా చూసింది.

“సీటు దొరికిందా మమ్మీ?”

నవనీత పుస్తకం పిల్ల ఒళ్ళో పెట్టి, మంచినీళ్ళ వంకతో వంటగదిలోకి వెళ్ళింది. చెప్పే పని భర్తకు వదిలేసింది. నరేందర్ బ్యాగు దించకుండానే చెప్పాడు. చక్రంలో ఏదో విరిగిందట, పార్కు మూసేశారట, బస్సు లేదట. ఆఫీసు గొంతుతో చక్కగానే చెప్పాడు.

“రిపేరు ఎన్ని రోజులంట?”

“మస్తు రోజులు పడతదంట బిడ్డా. మనం వచ్చే ఏడాది పోదాం.”

వచ్చే ఏడాది అన్న మాట అలవాటు కొద్దీ వచ్చేసింది. వచ్చాక గాని ఏమన్నాడో అతనికి తెలియలేదు. వంటగదిలో గ్లాసు పట్టుకున్న నవనీత చెయ్యి ఆగిపోయింది.

అక్షర తండ్రి ముఖంలోకి కొంచెంసేపు చూసింది.

“వచ్చే ఏడాది నాతోని కాదు గద డాడీ,” అంది. తనను ఓదార్చమని అడిగినట్టు లేదు, తండ్రి ఏదో మరిచిపోతే గుర్తుచేసినట్టు ఉంది. ఒళ్ళోని పుస్తకాన్ని వేళ్ళతో బోర్లించింది. అట్ట బరువుకు కాస్త కష్టపడింది. నవనీత సాయం చెయ్యడానికి రాలేకపోయింది. పుస్తకం వెనక నుంచి తెరుచుకుంది.

ఆఖరి రెండు పేజీల నిండా నరేందర్ చేతిరాత. విషయం, సందర్భం, కొట్టివేతలు, మళ్ళీ రాసిన లైన్లు. మూడో పేరా మూడుసార్లు రాసి ఉంది. ముందు చేత్తో రాసుకో, ఆ తర్వాతే టైపు చెయ్యి అని సోమయాజులు గారు నేర్పారు. దసరా సెలవుల్లో చేతికందిన పుస్తకం తీసుకుని, వెనక ఖాళీ పేజీలు పాడు కావడమెందుకని రాసుకున్నాడు నరేందర్. అట్ట తిప్పి ముందు ఏముందో చూసుకోలేదు. నెల రోజులుగా ఆ ఉత్తరం తల్లీకూతుళ్ళ మధ్యే ఉంది. ఇవాళ నవనీత దాన్ని చంకలో పెట్టుకునే దాని నకలు చూడటానికి యూనివర్సిటీ దాకా వెళ్ళివచ్చింది.

“నేను అప్పుడే చదివిన,” అంది అక్షర. “నువ్వు మంచిగ రాసినవ్, ఒప్పుకుంటరు అనుకున్న. ఒప్పుకోలే, గదే గదా? రిపేరు కాదు గదా?”

నరేందర్ నేల మీద, కుర్చీ చక్రం పక్కన కూర్చుండిపోయాడు. మనిషి అలా కింద కూర్చునేసరికి అతని నడినెత్తి అక్షరకు కనిపించింది. ఆ పిల్ల దాన్ని చూసింది.

“నెల రోజుల సంది తెలిసి గూడ ఎందుకు చెప్పలే బిడ్డా?” వంటగది గుమ్మంలోంచి నవనీత అడిగింది.

“నువ్వు రోజు రాస్తున్నవ్ గద మమ్మీ, సంతోషంగ.”

నవనీత వచ్చి కుర్చీకి అటువైపు కూర్చుంది. వీధిలో గ్యాస్ బండి వెళ్ళింది. అక్షర వేలు మూడో పేరా మీద ఉంది, తల్లి చదివేటప్పుడు పెట్టుకున్నట్టే.

“డాడీ, ఇది ఒక్కటి పూర్తిగ రాయలే నువ్వు. వచ్చే ఏడాది రాలేదు అని రాసినవ్. ఎందుకు రాలేనో రాయలే. కుర్చీల కూర్చోడానికి రాదనా? అసలుకే నేను ఉండననా?”

తార్నాక చౌరస్తా దాకా నవనీత మూడుసార్లు నోరు తెరిచి మింగేసిన ప్రశ్న అది. ఆమె భర్త వైపు చూసింది. ఇప్పుడు ఆమెకు కూడా జవాబు కావాలి.

నరేందర్ చెయ్యి బ్యాగు మీదికి పోయింది, లోపలి జిప్పు దగ్గర ఆగింది. ఒరిజినల్ పంపిన, నా దగ్గర లేదు అని గంట కిందట చెప్పిన మనిషి చెయ్యి అది. శుభలేఖకు కూడా జిరాక్స్ తీసి పెట్టుకున్న మనిషి. నవనీతకు ఇప్పుడు తట్టింది. ఆ జిప్పు తియ్యొద్దు అని అరవాలనిపించింది. కానీ ఆమె నోటి నుంచి వచ్చింది వేరే మాట.

“తియ్యి,” అంది.

నాలుగు మడతలు పెట్టిన కాగితం బయటికి వచ్చింది. నరేందర్ దాన్ని భార్య వైపు చాచాడు. నవనీత అందుకోబోయింది. ఈలోపు అక్షర చెయ్యి కుర్చీ పట్టీ మీంచి, లేచినంత మేరకు లేచింది.

“నాకియ్యి డాడీ,” అంది. “మమ్మీ చదివితే లేటయితది. నేను చదువుత.”